పెద్ద వరద వెళ్లాక నదిలో చేపలు కనబడటం లేదు, పిల్లల్ని తెచ్చి వదలాలా?

ప్రశ్న: మేముండే చోటికి దగ్గర్లో ఒక మోస్తరు నది ఉంది. కొన్నేళ్లుగా మా మిత్రులం కొందరం సెలవు రోజుల్లో అక్కడ గాలం వేస్తుంటాం. ఈసారి వచ్చిన వరద మా పెద్దవాళ్లు కూడా ఎరగనంత పెద్దది. నీళ్లు తగ్గి నెల దాటింది. ఒడ్డున చెట్లు కూలి నదిలో పడ్డాయి. లోతైన మడుగులు ఇసుకతో పూడిపోయాయి. ఒడ్డు పక్కన నీళ్లు నిలిచిన ఒక గుంటలో చేపలు చచ్చి తేలాయి. గాలానికి ఏమీ పడటం లేదు. చందాలు వేసుకుని హేచరీ నుంచి చేప పిల్లల్ని తెచ్చి వదులుదామని మావాళ్లు కొందరంటున్నారు. ముందు జేసీబీ పెట్టించి పడిన చెట్లు, మేటలు తీయిద్దామని ఇంకొందరు. అసలు వరదలో అన్ని చేపలూ కొట్టుకుపోతాయా? మళ్లీ వస్తాయా? వస్తే ఎన్నాళ్లకు? మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

సమాధానం: ముందు మీ చందా డబ్బుల సంగతి చెప్పేస్తాను. వచ్చే గుడ్ల కాలాల్లో నది తీరు చూసేదాకా వాటితో చేప పిల్లల్ని కొనకండి. జేసీబీనైతే అసలే పిలవకండి. మీవాళ్ల ఆరాటం అర్థమవుతోంది, కానీ ఆ రెండు పనులూ నదికి వరద కంటే ఎక్కువ చేటు చేసే అవకాశం ఉంది. ఎందుకో చెప్పాలంటే వరదలో చేపకు ఏమవుతుందో కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి.

ఒడ్డున నిలబడి చూస్తే వరద ఒకే ఊపున పోతున్నట్టు ఉంటుంది. నీటి లోపల అలా ఉండదు. నది మధ్యలో, పైభాగంలో వేగం ఎక్కువ. అడుగున, పెద్ద రాళ్ల వెనుక, చెట్ల వేళ్ల సందుల్లో, ఒడ్డు దాటి పొదల్లోకి పాకిన నీటిలో వేగం చాలా తక్కువ. ఎదిగిన చేప వరదతో పోరాడదు, పక్కకు తప్పుకుంటుంది. నీరు పెరగడం మొదలవగానే అంచులకు చేరుతుంది, లేదా పిల్ల కాలువల్లోకి ఎక్కుతుంది, లేదా రాతి చాటున అడుగుకు అతుక్కుని ఉంటుంది. అందుకే మామూలు వరదలు సరే, బాగా పెద్ద వరదల తర్వాత కూడా పెద్ద చేపలు చాలా వరకు అదే నదిలో మిగిలే ఉంటాయి.

నిజంగా కొట్టుకుపోయేవి చిన్న పిల్లలు. అమెరికాలోని ఓక్లహోమాలో ఒక చిన్న వాగు మీద 1980ల్లో చేసిన పరిశీలనలో 10 మిల్లీమీటర్ల లోపు పిల్లలకే వరదలో కొట్టుకుపోయే ప్రమాదం బాగా ఎక్కువని తేలింది. అది దాటి ఇంకొన్ని మిల్లీమీటర్లు పెరిగితే చాలు, తట్టుకునే శక్తి బాగా పెరుగుతోంది. చేప విషయంలో ఇది కొన్నాళ్ల తేడా. ఒక వరద పది రోజులు ముందు వస్తే ఒక ఏడాది పిల్లలన్నీ పోవచ్చు, పది రోజులు ఆలస్యమైతే చాలా వరకు బతకొచ్చు.

కాబట్టి వరద ఎంత పెద్దది అన్నదానికంటే ఎప్పుడు వచ్చింది అన్నది ముఖ్యం. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ కాలిఫోర్నియాలోని సేజ్‌హెన్ క్రీక్ అనే వాగు. 1950ల్లో మొదలుపెట్టి పదేళ్లపాటు అక్కడి ట్రౌట్ చేపల్ని లెక్కించారు, ఫలితాలు 1972లో అచ్చయ్యాయి. అక్కడ బ్రూక్ ట్రౌట్ శరదృతువులో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు చలికాలమంతా గులకరాళ్ల కింద ఉంటాయి. రెయిన్‌బో ట్రౌట్ వసంతంలో పెడుతుంది. చలికాలంలో వరద వచ్చిన ఏడాది బ్రూక్ ట్రౌట్ పిల్లలు పోయాయి, వసంతంలో వచ్చిన ఏడాది రెయిన్‌బో పిల్లలు పోయాయి. వాగు అదే, వరదలూ ఒకలాంటివే, నెల మారితే నష్టపోయే జాతి మారింది. మీ నదిలో ఏ చేప ఎప్పుడు గుడ్లు పెడుతుందో ముందు తెలుసుకోండి. వరద తేదీని దాని పక్కన పెట్టి చూడండి. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

గుడ్లకు వరదతో రెండు రకాల ప్రమాదం. ప్రవాహం బలంగా ఉంటే అడుగున ఉన్న గులకరాళ్లే కదిలి దొర్లుతాయి, వాటి మధ్య ఉన్న గుడ్లు నలిగిపోతాయి. రాళ్లు కదలకపోయినా వరద తగ్గేటప్పుడు సన్నటి ఒండ్రు పైన పరుచుకుంటుంది. గులకరాళ్ల సందుల్లోంచి నీరు పారడం ఆగిపోతుంది, గుడ్లకు ఆక్సిజన్ అందదు. పొదిగిన పిల్లలు కూడా ఆ పొర చీల్చుకుని పైకి రాలేవు. మీరు రాసిన ఇసుక మేటల్లో నన్ను కొంచెం కంగారు పెట్టేది ఇదే. మడుగు పూడటం కంటికి కనబడుతుంది. గులకరాళ్ల సందులు పూడటం కనబడదు. ఒకసారి వంగి గుప్పెడు గులకరాళ్లు తీసి చూడండి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు తేటగా జారితే ఫర్వాలేదు. బురద ముద్దలా వస్తే గుడ్లు పెట్టే చోటు పాడైందని అర్థం. తర్వాత వచ్చే మామూలు ప్రవాహాలు దాన్ని నెమ్మదిగా కడుగుతాయి.

మరి గాలానికి ఎందుకు పడటం లేదంటారా? గాలానికి చేప పడకపోతే నదిలో చేప లేనట్టు కాదు. నీరు ఇంకా మసగ్గా ఉంటే కంటి చూపుతో వేటాడే చేపలు ఎరను చూడలేవు. ఒండ్రు మొప్పల్ని ఒరుసుకుంటుంది, చేప నీరసిస్తుంది, తిండి తగ్గిస్తుంది. మీసాలతో తడుముకుంటూ తినే వాలుగ, జెల్ల లాంటి వాటికి ఈ ఇబ్బంది తక్కువ. పైగా మీకు అలవాటైన మడుగులు పూడిపోయాయి కదా, చేపలు వేరే చోట్లు వెతుక్కుని ఉంటాయి. మీరు పాత చోట్లే గాలం వేస్తున్నారేమో! రాళ్లకు అంటుకుని ఉండే పురుగులు కూడా వరదలో కొట్టుకుపోతాయి కాబట్టి కొన్ని వారాలపాటు నదిలో తిండి తక్కువగానే ఉంటుంది. అయితే ఆ పురుగుల్లో చాలా వాటికి పెద్దయ్యాక రెక్కలు వస్తాయి. అవి ఎగిరొచ్చి మళ్లీ గుడ్లు పెడతాయి, ఎగువ నుంచి కొన్ని కొట్టుకొస్తాయి. చేపల కంటే అవే ముందు కోలుకుంటాయి.

ఇక ఆ గుంటలో చచ్చి తేలిన చేపల గురించి. అవి వరద ఉధృతికి చచ్చినవి కావు, వరద తగ్గాక చచ్చినవి. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. వరద ఒడ్డు దాటి పొలాల మీదికి, అడవి నేల మీదికి పాకినప్పుడు అక్కడి ఎండుటాకులు, గడ్డి, కొమ్మలు నానతాయి. వాటిలోని పదార్థం టీ డికాక్షన్ దిగినట్టు నీటిలోకి దిగుతుంది. సూక్ష్మజీవులు దాన్ని తింటూ నీటిలోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి. అసలే వెచ్చటి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీల వద్ద 7.5 దాకానే. చాలా చేపలకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ఇబ్బంది, 2 కంటే తగ్గితే ప్రాణం మీదికి వస్తుంది. నల్లబడిన ఆ నీరు తిరిగి నదిలోకి దిగినప్పుడు నదిలో ఉన్న చేపలకూ అదే గతి.

దీని తీవ్రత ఎంతదాకా పోతుందో 2023 మార్చిలో ఆస్ట్రేలియాలో మెనిండీ దగ్గర డార్లింగ్ నదిలో చూశారు. అంతకుముందు వచ్చిన వరదల వల్ల అక్కడ బోనీ హెర్రింగ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగింది. వరద నీరు వెనక్కి తగ్గుతున్నప్పుడు, వేడి వాతావరణంలో, ఆక్సిజన్ పడిపోయింది. చచ్చిన చేపలు 2 నుంచి 3 కోట్ల దాకా ఉంటాయని అంచనా వేశారు. నది మీద నీరు కనబడనంతగా తేలాయి. అంటే వరదే ఆ చేపల్ని పెంచింది, వరద తగ్గడమే వాటిని చంపింది. అదే దేశంలో ఇలాంటి నల్లనీటి సమయాల్లో ముర్రే నదిలోని పెద్ద క్రేఫిష్‌లు, అంటే రొయ్యల్లాంటి మంచినీటి జీవులు, ఊపిరాడక నీళ్లలోంచి పాక్కుంటూ గట్టు మీదికి వచ్చేస్తాయి. చేపలకు ఆ వీలు కూడా లేదు కదా.

ఇంత చదివాక వరద అంటే చేపకు శత్రువేనని అనుకోకండి. చాలా జాతులకు వరద లేకపోతే సంతానమే లేదు. రాగండి, బొచ్చె లాంటివి నది పొంగి, పక్కనున్న పల్లపు నేలల మీదికి లోతు తక్కువగా నీరు పాకినప్పుడే గుడ్లు పెడతాయి. నిలవ నీటి చెరువులో వాటంతట అవి పెట్టవు. అందుకే హేచరీల్లో వాటికి హార్మోన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తోంది. మునిగిన నేలలో పిల్లలకు కావలసినంత తిండి, దాక్కోవడానికి గడ్డి, నెమ్మదైన నీరు దొరుకుతాయి. వరద ఏటా వచ్చి పోవడమే పెద్ద నదుల జీవానికి ఆధారమని వోల్ఫ్‌గాంగ్ యుంక్, పీటర్ బేలీ, రిచర్డ్ స్పార్క్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1989లో ప్రతిపాదించారు. నదుల మీద పనిచేసేవాళ్లు ఈనాటికీ ఆ మాటనే పునాదిగా తీసుకుంటారు. కంబోడియాలోని తోన్లే సాప్ సరస్సు చూడండి. ఎండాకాలంలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు ఉండేది, మెకాంగ్ నది పొంగి నీరు వెనక్కి తన్నినప్పుడు 15,000 దాకా విస్తరిస్తుంది. నీరు బాగా పాకిన ఏడాది చేపలు బాగా పడతాయి. వరద రాని ఏడే అక్కడివాళ్లకు బెంగ.

అమెరికాలోనైతే 1996 మార్చిలో గ్లెన్ కాన్యన్ డ్యామ్ నుంచి వారం రోజులపాటు సెకనుకు 1,270 ఘనపు మీటర్లకు పైగా నీళ్లు కావాలని వదిలారు. డ్యామ్ వల్ల వరదలు ఆగిపోయి దిగువన ఇసుక తిన్నెలు, వాటి చాటున చేప పిల్లలు పెరిగే నిలవ నీటి పాయలు కరిగిపోతున్నాయని ఈ ప్రయోగం. డబ్బు ఖర్చుపెట్టి డ్యామ్ కట్టి, మళ్లీ ఖర్చుపెట్టి వరద తెప్పించుకోవడం!

మరి మీరు చూసిన వరద, పెద్దవాళ్లు కూడా ఎరగనంతటిది, చేపకు మేలా కీడా? రెండూ కావచ్చు. అడుగు మొత్తం కదిలి, చెట్లు కూలాయంటే ఈ ఏటి పిల్లలు కొట్టుకుపోయి ఉండొచ్చు. అది నష్టమే. కానీ ఒక ఏడాది పిల్లలు పోవడం వేరు, ఆ చేప జాతే నదిలోంచి పోవడం వేరు. ఎక్కువ కాలం బతికే చేపలకు పెద్ద వయసువి మిగిలి ఉంటే చాలు. గాదెలో పాత ధాన్యం ఉన్న రైతు ఒక పంట పోయినా నిలదొక్కుకున్నట్టు, అవి వచ్చే ఏడు మళ్లీ గుడ్లు పెడతాయి. పైగా మిగిలిన కొద్దిపాటి పిల్లలకు పోటీ తక్కువ, చోటు ఎక్కువ, తిండి ఎక్కువ. అవి త్వరగా పెరుగుతాయి, ఎక్కువగా బతుకుతాయి. నది తన లోటును ఇలా భర్తీ చేసుకుంటుంది. మీరు ఇప్పుడే వేల కొద్దీ హేచరీ పిల్లల్ని కుమ్మరిస్తే సరిగ్గా ఆ అవకాశాన్నే దెబ్బ తీసినవాళ్లవుతారు. తిండి తక్కువగా ఉన్న నదిలో, మిగిలిన సొంత పిల్లలకు పోటీ తెచ్చిపెడతారు.

ఎన్నాళ్లకు కోలుకుంటాయి అని అడిగారు. అన్ని నదులకూ ఒకే గడువు చెప్పలేం గానీ, రెండు అనుభవాలు చెబుతాను. 1995 జూన్‌లో అమెరికాలోని వర్జీనియాలో, షెనాండోవా నేషనల్ పార్క్‌లో పారే స్టాంటన్ అనే చిన్న నదికి వరదతో పాటు కొండచరియలు విరిగిపడి రాళ్లూ బురదా కలిసిన ప్రవాహం వచ్చింది. దిగువన దాదాపు 2 కిలోమీటర్ల మేర చేప అన్నదే మిగలలేదు. ఎగువ భాగానికి అంత దెబ్బ తగల్లేదు. అక్కడి నుంచి బ్రూక్ ట్రౌట్ నెమ్మదిగా దిగి వచ్చాయి. మూడేళ్లు తిరిగేసరికి వాటి సాంద్రత పాత స్థాయికి చేరింది. 2011 ఆగస్టులో ఐరీన్ తుఫానుతో న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్స్‌కిల్ కొండవాగులకు భారీ వరదలు వచ్చాయి. మరుసటి ఏడాది లెక్కిస్తే చాలా చోట్ల చేపల సమూహాలు పెద్దగా చెదరలేదు. చూసినవాళ్లకే ఆశ్చర్యం కలిగేంత.

రెండో పక్క కూడా చెప్పాలి. స్లొవేనియాలో సోచా నది ఎగువ వాగుల్లో మార్బుల్ ట్రౌట్ అనే అరుదైన చేప ఉంది. జలపాతాల పైన, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, చిన్న చిన్న గుంపులుగా మిగిలింది. పెద్ద వరద వచ్చినప్పుడు గుంపులో చాలా భాగం పోతుంది. మిగిలిన కొన్ని త్వరగా పెరిగి, చిన్న వయసులోనే గుడ్లు పెట్టి గుంపును నిలబెట్టుకోవడం చూశారు. కానీ కిందికి కొట్టుకుపోయిన చేప జలపాతం ఎక్కి వెనక్కి రాలేదు, పక్క వాగు నుంచి కొత్త చేప రాలేదు. ఏ చేపా మిగలకపోతే ఆ వాగుకు ఇక అంతే.

స్టాంటన్ నదికి ఎగువ నుంచి దారి తెరిచి ఉంది. మార్బుల్ ట్రౌట్‌కు దారి లేదు. మీ నదికి దారి ఉందా లేదా, అసలు ప్రశ్న ఇది. ఎగువన దెబ్బ తగలని పాయలు ఉన్నాయా? దిగువకు కొట్టుకుపోయిన చేపలు ఎదురెక్కి రావాలంటే మధ్యలో ఆనకట్ట, చెక్‌డ్యామ్, గొట్టాలు వేసి కట్టిన రోడ్డు వంతెన లాంటివి ఏమున్నాయి? మీ మిత్రులందరూ ఒక సెలవు రోజు గాలాలు పక్కన పెట్టి నది వెంట పైకీ కిందికీ నడవండి. వంతెన కింద గొట్టం మూతి నీటిమట్టానికి పైన వేలాడుతోందా, చెత్తతో మూసుకుపోయిందా చూడండి. చాలా చేపలు అర మీటరు ఎత్తు కూడా దూకలేవు. అలాంటి ఒక్క అడ్డు తొలగించగలిగితే లక్ష పిల్లల్ని వదిలిన దానికంటే ఎక్కువ ఫలితం. చెత్త తీయడం మీరే చేయొచ్చు. కట్టడాన్ని ముట్టుకోవాలంటే మాత్రం నీటిపారుదల, మత్స్య శాఖల వాళ్లతో మాట్లాడాలి. ఎగువన పెద్ద డ్యామ్ ఉంటే ఇంకో విషయం గమనించండి. గేట్ల మీంచి నీరు చాలా ఎత్తు నుంచి లోతైన మడుగులో పడితే గాలి నీటిలోకి మోతాదుకు మించి కరుగుతుంది. ఆ నీటిలో ఉన్న చేపల రక్తంలో, రెక్కల్లో గాలి బుడగలు ఏర్పడి చస్తాయి. డ్యామ్ కిందనే చచ్చిన చేపలు కనబడి, రెక్కల చర్మం కింద బుడగలు ఉంటే కారణం అదే కావచ్చు.

ఇప్పుడు జేసీబీ. వరద తర్వాత నది మనకు చెత్తగా కనబడుతుంది. పడిన చెట్లు, అడ్డదిడ్డంగా రాళ్లు, వంకర తిరిగిన కొత్త పాయలు. చేపకు కావలసినవి అవే. పడిన చెట్టు కింద నీరు అడుగును తొలిచి కొత్త మడుగు చేస్తుంది. కొమ్మల చాటున పిల్లలు దాక్కుంటాయి. మీ పాత మడుగులు పూడిపోయాయని బాధపడ్డారు కదా, కొత్తవి తయారయ్యేది ఈ చెట్ల దగ్గరే. ఐరీన్ తుఫాను తర్వాత వెర్మాంట్ రాష్ట్రంలో చాలా వాగుల్లోకి యంత్రాలు దింపి, అడుగు తవ్వి, వంపులు సరిచేసి, రాళ్లు గట్టుకు నెట్టారు. చేపలకు దాక్కునే చోటు లేకుండా ఆ వాగులు సాదా కాలువల్లా తయారయ్యాయి. చేపల మీద పనిచేసేవాళ్లు అక్కడ వరద నష్టం కంటే ఈ మరమ్మతు నష్టమే ఎక్కువ కాలం ఉంటుందని మొత్తుకున్నారు. వంతెన పునాదికి, ఇళ్లకు ముప్పు తెచ్చే దుంగలు తీయక తప్పదు. మిగతావి ఉన్నచోటే ఉండనివ్వండి. ప్లాస్టిక్, టైర్లు, డ్రమ్ములు, పురుగుమందుల డబ్బాలు మాత్రం చేత్తో ఏరేయండి. వాటికి తొందర పడినా తప్పులేదు.

హేచరీ పిల్లల గురించి ఇంకొక మాట, ఎందుకంటే మీవాళ్లు మళ్లీ అదే ఎత్తుతారు. వరదను తట్టుకునే నేర్పు చేపకు తరతరాలుగా వచ్చింది. అరిజోనాలో గ్యారీ మెఫీ అనే శాస్త్రవేత్త 1984లో ఒక మంచి విషయం చూపించాడు. అక్కడి సొంత చేప, వేలెడంత కూడా లేని టాప్‌మిన్నో, ఆకస్మిక వరద రాగానే అంచులకు తప్పుకుంటుంది. బయటి నుంచి తెచ్చిన గంబూసియా, దోమల కోసం వదులుతారే అదే, ఏం చేయాలో తెలియక కొట్టుకుపోతుంది. గంబూసియా మామూలుగా టాప్‌మిన్నోను తినేస్తుంది. వరదలు వచ్చే వాగుల్లో మాత్రం రెండూ కలిసి ఉండగలుగుతున్నాయి, ఎందుకంటే వరద అప్పుడప్పుడూ గంబూసియాను ఊడ్చేస్తుంది. సిమెంటు తొట్టిలో పెరిగిన పిల్లలకూ ఈ నేర్పు అంతంతమాత్రమే. మీరు వదిలినవాటిలో చాలా భాగం వచ్చే వరదకే పోతాయి. మిగిలినవి మీ నది చేపలతో కలిసి, ఆ నేర్పును కూడా పలచన చేసే ప్రమాదం ఉంది. రోగాలు తేవడం సరేసరి.

వరదలో చెరువులు, తొట్లు తెగి ఎక్కడెక్కడి చేపలో నదుల్లోకి వస్తున్నాయి. 2018 కేరళ వరదల తర్వాత అక్కడి నదుల్లో అరపైమా, ఎలిగేటర్ గార్ దొరికాయి. ఒకటి అమెజాన్ చేప, ఇంకోటి ఉత్తర అమెరికాది. ఎవరో పెంచుకుంటున్నవి. మీ గాలానికి మీరెప్పుడూ చూడని చేప పడితే దాన్ని తిరిగి నీళ్లలో వదలకండి. ఫొటో తీసి, చేపను ఐస్‌లో పెట్టి, మత్స్య శాఖకు చెప్పండి.

ఇక ఈ ఏడాది మీరు చేయాల్సింది. ఒడ్డు పక్కన గుంటల్లో ఇంకా బతికిన చేపలు ఉంటే, ఆ గుంట వానకు మళ్లీ నదితో కలుస్తుందా, ఎండిపోతుందా చూడండి. కలిసేదైతే వదిలేయండి, అది వాటికి మంచి నర్సరీ. ఎండిపోయేదైతే, చేపలు తెల్లవారుజామున పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే, శాఖ అనుమతి తీసుకుని నదిలోకి మార్చొచ్చు. తెల్లవారుజామే ఎందుకంటే రాత్రంతా నాచు, మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి అప్పుడే అది అన్నిటికంటే తక్కువ. పని చల్లటి వేళ పెట్టుకోండి, చేతులు తడిపి పట్టుకోండి, బకెట్‌లో కుక్కకండి, అదే నదిలోకే వదలండి. నది నీరు కూడా నల్లగా వాసన కొడుతుంటే మార్చి లాభం లేదు, ఆగండి. చచ్చి తేలిన చేపల్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లకుండా చూడండి. ఆ నీటిలో మురుగు, పురుగుమందు ఏం కలిసిందో ఎవరికి తెలుసు?

గాలం సంగతి మీకు నచ్చకపోవచ్చు. వచ్చే గుడ్ల కాలం అయ్యేదాకా పెద్ద చేపలు పడితే వదిలేయండి. నా ఉద్దేశంలో అప్పటిదాకా గాలం మానేస్తేనే ఇంకా మంచిది. పెద్ద ఆడచేప చిన్నదానికంటే ఎన్నో రెట్లు గుడ్లు పెడుతుంది. ఇప్పుడు మిగిలిన పెద్ద చేపలే మీ నదికి విత్తనం, లక్ష పిల్లల కంటే వాటి విలువ ఎక్కువ.

గుడ్ల కాలం అయిన కొన్ని వారాలకు అంచుల వెంబడి, లోతు తక్కువ చోట్ల, గడ్డి చాటున పిల్లల కోసం వెతకండి. ఒక్కో చోట ఎన్ని కనబడ్డాయి, ఎంత పొడవున్నాయి, ఏ జాతి అన్నది నోట్‌బుక్‌లో రాయండి. ప్రతి ఏడూ అవే చోట్లు, అదే సమయం. పిల్లలు కనబడితే నది తన పని తాను చేసుకుంటోంది. ఒక ఏడు లేకపోయినా కంగారు వద్దు. వరుసగా రెండు మూడు కాలాలు పిల్లలు కనబడకపోతే, ఎగువ నుంచీ దిగువ నుంచీ దారి మూసుకుపోయి ఉంటే, అప్పుడు పిల్లల్ని వదలడం గురించి ఆలోచించొచ్చు. ముఖ్యంగా పెద్ద వరదలు మునుపటి కంటే దగ్గర దగ్గరగా వస్తున్న చోట ఈ లెక్క అవసరం. గుడ్లు పెట్టే వయసుకు రావడానికి నాలుగైదేళ్లు పట్టే చేపకు మూడేళ్లకోసారి ఇలాంటి వరద తగిలితే, ఎంత గట్టి జాతైనా తరిగిపోతుంది. అప్పుడు కూడా దొరికిన హేచరీలో దొరికిన జాతి కొనకండి. మీ నోట్‌బుక్ పట్టుకుని మత్స్య శాఖకు వెళ్లండి. అదే నదిలో, లేదా దానిలో కలిసే ఉపనదిలో పట్టిన తల్లి చేపల నుంచి తీసిన పిల్లల్నే అడగండి. చందా డబ్బు అప్పటిదాకా బ్యాంకులో ఉంచండి. ఈలోగా ఆ వంతెన కింద గొట్టం బాగుచేయడానికి అందులోంచి కొంత ఖర్చయినా నాకు అభ్యంతరం లేదు.